క్రిస్మస్ తాత ఎర్రకోటు... కొడుక్కి సరిపోతుందా?

తండ్రి పెద్ద హీరో. కొడుకు ఇంకా నూనూగు మీసాలవాడు. ఒకరోజు తండ్రి కొడుకుని పిలిచి, "ఒరేయ్, ఇకమీదట ఇదంతా నువ్వే చూసుకోవాలి" అంటాడు. కొడుక్కి అవుననాలో కాదనాలో తెలీదు. అభిమానులు మాత్రం "నడక అచ్చు నాన్నగారిదే!" అంటూ అప్పుడే ఈలలు మొదలుపెట్టేస్తారు. మన సినిమాలు చూసేవాళ్ళకి ఈ తతంగం కొత్తేమీ కాదు. మద్రాసులో స్టూడియోలు కళకళలాడిన రోజుల నుంచీ చూస్తూనే ఉన్నాం.

ఇదే సంకటం క్రిస్మస్ తాతకి వచ్చిపడితే?

వచ్చిపడింది మరి! 2023 నవంబరు 8న డిస్నీ ప్లస్‌లో మొదలైన 'ది శాంటా క్లాజెస్' రెండో సీజన్ కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మొత్తం ఆరు భాగాలు. తొలిరోజు రెండు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున డిసెంబరు 6 దాకా వచ్చాయి. ఒక్కొక్కటీ సుమారు అరగంట. పిల్లలతో కలిసి ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ మాయాజాలం కథ. మంచు, మంత్రాలు, ఎగిరే దుప్పులు, బొమ్మలు చేసే ఎల్ఫులు... అన్నీ ఉన్నాయి. కానీ ఇవన్నీ పక్కన పెట్టి చూస్తే మిగిలేది ఒక్కటే. నాన్న కుర్చీ కొడుక్కి దక్కాలా, దక్కకూడదా?

ఇంటికప్పు మీంచి జారిపడిన కథ

రెండో సీజన్ రుచి తెలియాలంటే ముందు 1994 దాకా వెనక్కి వెళ్ళాలి. ఆ ఏడాది నవంబరులో 'ది శాంటా క్లాజ్' అనే సినిమా విడుదలైంది. జాన్ పాస్క్విన్ దర్శకుడు, టిమ్ ఆలెన్ కథానాయకుడు. పేరులోనే ఉంది గమ్మత్తంతా! శాంటా పేరులో ఉండే క్లాజ్ వేరు, అగ్రిమెంటు కాగితాల్లో చిన్నచిన్న అక్షరాల్లో ఇరికించే క్లాజు వేరు. చెవికి మాత్రం రెండూ ఒకటే. సినిమా అంతా ఆ రెండో క్లాజు మీదే నడుస్తుంది.

స్కాట్ కాల్విన్ అని ఒక బొమ్మల కంపెనీ ఉద్యోగి. భార్యతో విడాకులయ్యాయి. కొడుకు చార్లీకి నాన్న దగ్గర గడపడమంటేనే పెద్ద ఇష్టం లేదు. పండగ ముందు రోజు రాత్రి వంట మాడ్చేసి, పిల్లవాణ్ణి హోటలుకి తీసుకెళ్ళిన రకం ఈ తండ్రి. ఆ రాత్రే ఇంటికప్పు మీద చప్పుడైంది. స్కాట్ బయటికొచ్చి గట్టిగా అరిచాడు. పైనున్న పెద్దమనిషి ఉలిక్కిపడి జారి కిందపడ్డాడు. చూస్తే మనిషి మాయం... మిగిలింది ఎర్రకోటూ, జేబులో ఒక కార్డూ! ఆ కోటు తొడుక్కున్నవాడే ఇకమీదట శాంటా అవుతాడన్నమాట. తొడుక్కున్నాడు. ఇక చూస్కోండి, పొట్ట పెరుగుతుంది, గడ్డం గీస్తే మళ్ళీ మొలుస్తుంది, జుట్టు తెల్లబడుతుంది. ఊళ్ళో అందరూ ఇతనికి మతి చలించిందంటారు. కోర్టు కొడుకుని చూడనివ్వదు. నమ్మేవాడు ఒక్కడే, ఆ కొడుకు.

అదే 1994లో మన దగ్గర ఎస్.వి. కృష్ణారెడ్డి తీసిన 'యమలీల' వచ్చిన సంగతి గుర్తుందా? యమధర్మరాజు భవిష్యవాణి గ్రంథం స్వర్గం నుంచి జారి, అల్లరిచిల్లరగా తిరిగే ఆలీ ఇంటి డాబా మీద పడుతుంది. అక్కడ ఆకాశం నుంచి కోటు, ఇక్కడ ఆకాశం నుంచి పుస్తకం. అక్కడ కొడుకు కోసం తండ్రి పడే తాపత్రయం, ఇక్కడ తల్లి కోసం కొడుకు పడే తాపత్రయం. ఇద్దరూ ఒకరినొకరు చూసి తీసింది కాదు, ఒకే ఏడాది రెండు దేశాల్లో ఒకే రకం ఊహ పండిందంతే. పనికిమాలినవాడు అనుకున్నవాడి నెత్తిన దైవం వచ్చి పడితే వాడేం చేస్తాడు? ఈ ప్రశ్నకి జనం ఎక్కడైనా టిక్కెట్టు కొంటారు. అమెరికన్ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 18 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. మన 'యమలీల' ఏ స్థాయి హిట్టో, ఆలీని ఎక్కడికి తీసుకెళ్ళిందో మీకు చెప్పాల్సిన పనిలేదు.

జైలు నుంచి ఉత్తరధ్రువానికి

టిమ్ ఆలెన్ సొంత జీవితం కూడా అలాంటిదే. 1953లో పుట్టిన ఈయన కుర్రతనంలో దారి తప్పాడు. 1978లో మాదకద్రవ్యాల కేసులో పట్టుబడి, రెండేళ్ళకి పైగా జైల్లో గడిపి, 1981లో బయటికొచ్చాడు. ఈ సంగతి ఆయనెప్పుడూ దాచుకోలేదు. ఆ తర్వాత వేదికల మీద హాస్యం చెప్పుకుంటూ పైకొచ్చి, 1991లో 'హోమ్ ఇంప్రూవ్‌మెంట్' సీరియల్‌తో ఇంటింటి మనిషయ్యాడు. 1994 నవంబరు వచ్చేసరికి అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న సినిమా ఈయనదే, టీవీ సీరియల్ ఈయనదే, అమ్మకాల్లో ముందున్న పుస్తకమూ ఈయన రాసిందే! మరుసటి ఏడాది 'టాయ్ స్టోరీ'లో బజ్ లైట్‌ఇయర్ బొమ్మకి గొంతు ఇచ్చాడు. జైలు గోడల మధ్య నుంచి వచ్చిన మనిషి లక్షలాది పిల్లలకి క్రిస్మస్ తాతయ్యాడంటే, ఆ కోటు నిజంగానే ఎవరికైనా దొరకచ్చన్నమాట. మొదటి సినిమాలోని అందం అంతా అదే అని నాకనిపిస్తుంది. కులం అడగరు, గోత్రం అడగరు, పరీక్ష పెట్టరు. తొడుక్కున్నావా, నువ్వే తాతవి!

తర్వాత రెండు సినిమాలొచ్చాయి. 2002 నాటి రెండో భాగంలో తాతకి పెళ్ళి కావాలన్న కొత్త క్లాజు బయటపడుతుంది. చార్లీ చదివే స్కూలు ప్రిన్సిపాల్ కేరల్‌గా ఎలిజబెత్ మిచెల్ వచ్చింది. 2006లో మూడోది. అందులో మార్టిన్ షార్ట్ జాక్ ఫ్రాస్ట్‌గా విలనీ చేశాడు. నిజం చెప్పాలంటే మూడోదానికి వచ్చేసరికి మంచు కాస్త కరిగిపోయింది. వసూళ్ళూ తగ్గాయి. ఇక ఈ కథ ముగిసినట్టే అనుకున్నారంతా. పదహారేళ్ళు గడిచాయి.

2022 నవంబరులో జాక్ బర్డిట్ రూపకల్పనలో ఇది సీరియల్‌గా మళ్ళీ తెరకెక్కింది. తాతకి వయసు మీదపడింది, రిటైరవుదామనుకుంటాడు. తన కుర్చీకి తగినవాణ్ణి వెతికి సైమన్ చోక్సీ అనే అతన్ని ఎంచుకుంటాడు. ఆ పాత్ర వేసింది ఎవరనుకున్నారు? మన భారతీయ సంతతికే చెందిన కాల్ పెన్! మీరా నాయర్ 'ది నేమ్‌సేక్'లో గోగోల్‌గా నటించాడే, అతనే. గుజరాతీ తల్లిదండ్రులకి న్యూజెర్సీలో పుట్టినవాడు ఉత్తరధ్రువంలో ఎర్రకోటు తొడుక్కున్నాడంటే మనకి ముచ్చటగానే ఉంటుంది. అయితే కథలో అతనికి ఆ పని అచ్చిరాలేదు. బయటి మనిషిని తెచ్చి కూర్చోబెట్టిన ప్రయోగం బెడిసికొట్టి, స్కాట్ మళ్ళీ కోటు తొడుక్కోవలసి వచ్చింది.

ఇక ఇంట్లోవాడే దిక్కు

అక్కడి నుంచి రెండో సీజన్. స్కాట్ ఈసారి బయటికి చూడడు. ఇంట్లో ఉన్న కొడుకు కాల్‌నే తయారుచేద్దామనుకుంటాడు. ఇతను చార్లీ కాదు, కేరల్‌కి పుట్టినవాడు. 2006 సినిమాలో ఆవిడ కడుపుతో ఉంది చూశారా, ఆ బిడ్డే ఈ కుర్రాడు! ఆస్టిన్ కేన్ వేశాడు. కాల్ మంచివాడు, మెత్తనివాడు, కాస్త తికమక మనిషి. పుట్టి పెరిగింది ఉత్తరధ్రువంలోనే. బయటి లోకం పిల్లలు ఏం కోరుకుంటారో, ఎందుకు ఏడుస్తారో వాడికి పెద్దగా తెలీదు. కానీ తాత ఉద్యోగం అంటే అదేగా మరి!

తండ్రి నేర్పుతుంటాడు, కొడుకు నేర్చుకుంటుంటాడు. నేర్పేవాడికి ఓపిక తక్కువ, నేర్చుకునేవాడికి భయం ఎక్కువ. పైకి హాస్యంగా సాగినా ఈ పాఠాల సన్నివేశాల్లో లోపల ఒక బాధ ఉంది. స్కాట్‌కి ఎవరూ నేర్పలేదు. అతను చూసింది ఒక కార్డు ముక్క, అంతే. తప్పులు చేసి, నవ్వులపాలై, కొడుకు నమ్మకం ఒక్కటే ఆసరాగా తాతయ్యాడు. కాల్‌కి మాత్రం అన్నీ వడ్డించిన విస్తరే. వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నవాడికి ఆకలి వేయకపోతే ఏం చేయాలి? ఇంటర్ పూర్తిచేసి "నాన్న కొట్టు నేను చూసుకోవాలా, నాకిష్టమైనది చదువుకోవాలా" అని తేల్చుకోలేకపోతున్న కుర్రకారు మన పాఠకుల్లో ఎందరు లేరు! వాళ్ళకి కాల్ ముఖంలో తమ ముఖం కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇంకో విశేషం! తెరమీద తాతకి కూతురుగా సాండ్రా పాత్ర వేసిన ఎలిజబెత్ ఆలెన్-డిక్, టిమ్ ఆలెన్ సొంత కూతురు. ఆలెన్ అసలు ఇంటిపేరు డిక్. కథలో వారసుడెవరని తర్జనభర్జనలు పడుతుంటే, తెరవెనక ఆ తర్జనభర్జన ఏమీ లేకుండానే వారసురాలు వచ్చేసింది! అమ్మాయి చురుగ్గానే చేసింది, కాదనలేం. అసలు ఆమెని చూస్తున్నంతసేపూ నాకొక సందేహం... కోటు కొడుక్కే ఎందుకు? కూతురికెందుకు కాకూడదు? సాండ్రాకి జంతువులంటే ప్రాణం, మాయాజాలం అంటే చేయి తిరిగే రకం. కథకులు ఆ అమ్మాయిని వేరే దారిన నడిపించారు గానీ ఈ ప్రశ్నని సూటిగా ఎదుర్కోలేదు. ఇక్కడ వాళ్ళకి మార్కులు తగ్గించక తప్పదు.

పిచ్చి తాత, పిచ్చి అభిమాని

మంచి విలన్ లేకపోతే మాయాజాలం కథ చప్పగా ఉంటుందని మన విఠలాచార్యగారిని అడిగినా చెప్పేవారు. ఈ సీజన్‌కి దొరికిన విలన్ అలాంటివాడే! మాగ్నస్ ఆంటస్. పేరు గబగబా పలికి చూడండి, మధ్యలోంచి 'శాంటాస్' వినిపిస్తుంది. ఏడు వందల ఏళ్ళ కింద ఉత్తరధ్రువాన్ని ఏలిన పిచ్చి శాంటా ఈయన. పెట్టిన హింసకి ఫలితంగా మంత్రబలంతో చెక్కబొమ్మగా మారిపోయి ఇన్నాళ్ళూ పడున్నాడు. బాదంకాయలు, వాల్‌నట్లు పళ్ళ మధ్య పెట్టి పగలగొట్టే సైనికుడి బొమ్మలుంటాయి చూశారా, ఐరోపాలో పండగనాడు ఇంట్లో పెట్టుకుంటారే, అలాంటి బొమ్మ. ఆ బొమ్మకి మళ్ళీ ప్రాణం వస్తుంది. వచ్చీ రాగానే "నా కుర్చీ ఏదీ?" అంటాడు. చిలుకలో ప్రాణం దాచిన మాంత్రికుల్ని, రాయిగా మారిన రాకుమారుల్ని చూసి పెరిగిన మనకి ఇది సొంతింటి వంట తిన్నట్టే ఉంటుంది.

ఆ పాత్ర వేసిన ఎరిక్ స్టోన్‌స్ట్రీట్ 'మోడర్న్ ఫ్యామిలీ'లో కామెరన్‌గా నటించి 2010లోనూ, 2012లోనూ ఎమ్మీ బహుమతులు అందుకున్నవాడు. చిన్నప్పుడు సర్కస్ జోకరు వేషాలు కట్టేవాడట. ఆ అలవాటు ఇక్కడ బాగా పనికొచ్చింది. కళ్ళు ఉరుముతాడు, గడ్డం ఊపుతాడు, అంతలోనే పసిపిల్లాడిలా అలుగుతాడు. పిల్లలు భయపడతారు గానీ రాత్రి కలవరించేంత కాదు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. 14వ శతాబ్దంలో ఉత్తరధ్రువంలో శాంటా ఉండటం అసలు చరిత్రకి ఎక్కడా పొసగదు. కథకి మూలమైన సెయింట్ నికొలస్ నాలుగో శతాబ్దంలో నేటి టర్కీలోని మైరా అనే ఊళ్ళో బిషప్. ఎనిమిది దుప్పుల బండి 1823లో అచ్చయిన ఒక అమెరికన్ పద్యం ఇచ్చిన కానుక. ఇక ఉత్తరధ్రువం చిరునామా అయితే థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు 1860ల్లో పత్రికలో గీసిన బొమ్మల పుణ్యం! అయినా విఠలాచార్యగారి రాజ్యాలకి మ్యాపులెక్కడున్నాయని అడిగామా? ఇదీ అంతే.

మాగ్నస్ కన్నా నన్ను ఎక్కువ పట్టుకున్న పాత్ర ఇంకొకటుంది. క్రిస్ క్రింగిల్. శాంటాపొలిస్ అనే పండగ పార్కు నడుపుకునే మామూలు మనిషి. పార్కు అంతంతమాత్రం, గిరాకీ అంతకన్నా తక్కువ. కానీ క్రిస్మస్ అంటే ప్రాణం. తాత వేషం కట్టుకుని, తాత పేరు పెట్టుకుని, తాతే తన లోకమని బతుకుతుంటాడు. ఈ వేషం కట్టిన గేబ్రియల్ ఇగ్లేసియస్ అమెరికాలో పేరుమోసిన హాస్యగాడు. 2022లో లాస్ ఏంజిలిస్‌లోని డాడ్జర్ స్టేడియం నింపి ఒంటిచేత్తో నవ్వించిన ఘనుడు. ఇక్కడ మాత్రం నవ్విస్తూనే మనసు పిండేస్తాడు.

మనందరికీ తెలిసిన మనిషే ఇతను. అభిమాన హీరో సినిమా విడుదలంటే ముందు రాత్రి నుంచి థియేటర్ దగ్గర తోరణాలు కట్టే కుర్రాడు. హీరో పుట్టినరోజున సొంత డబ్బుతో అన్నదానం చేసేవాడు. హీరోలా జుట్టు దువ్వుకుని, హీరోలా నడిచి, ఇంట్లో తిట్లు తినేవాడు. ఆ తెర అవతలికి మాత్రం ఎన్నటికీ వెళ్ళలేడు. అవతలికి వెళ్ళేది హీరోగారి అబ్బాయి! ఆ అబ్బాయికి నిజంగా ఆ పని ఇష్టమో కాదో కూడా తెలీదు. ఇతనికి మాత్రం అదే ఊపిరి. 1994లో ఆ కోటు స్కాట్ ఇంటి ముందు కాకుండా ఈ క్రిస్ ఇంటి ముందు పడి ఉంటే?

సీజన్ మొత్తానికి నేను వెతుక్కున్నది దీనికి జవాబే. కొడుక్కి రక్తం ఉంది. మాగ్నస్‌కి పాత అధికారం ఉంది. క్రిస్‌కి ప్రేమ తప్ప మరేమీ లేదు. కథకులు ఈ ముగ్గురినీ ఒకే పండగలోకి తెచ్చి నిలబెట్టడం భలే ఆలోచన. మొదటి సీజన్ కన్నా రెండోది మెరుగ్గా ఉండటానికి కారణం అదే. అయితే ఆ ఆలోచనని చివరిదాకా తోసుకెళ్ళే తెగువ చూపలేదు. ఎక్కడ లోతుకి వెళ్ళబోతారో అక్కడ ఒక మంత్రమో, ఒక హడావుడి పరుగో అడ్డం పడుతుంది.

అరగంట సంచిలో ఇన్ని బొమ్మలా?

పాత్రలు కూడా ఎక్కువైపోయాయి. ఇటలీలో జనవరి 5 రాత్రి చీపురు మీద వచ్చి పిల్లలకి కానుకలు పంచే లా బెఫానా అనే అవ్వ ఉంది. లారా సాన్ జియాకోమో ఆ అవ్వగా ఠీవిగా చేసింది. ఈస్టర్ కుందేలుగా ట్రేసీ మోర్గాన్ వచ్చి కాసేపు సందడి చేసి వెళ్ళాడు. ఎల్ఫులుగా చిన్నపిల్లలు నటిస్తూ వందల ఏళ్ళ పెద్దరికం ఒలకబోయడం ఈ సినిమాలకి మొదటి నుంచీ ఉన్న చమత్కారం. అందులో బెట్టీగా మటిల్డా లాలర్ అందరికన్నా ముందుంటుంది. ఆ పిల్ల ముఖం చిట్లించిందంటే క్రిస్మస్ తాతే కాదు, మనమూ సర్దుకుని కూర్చుంటాం! పెద్దవాళ్ళలో ఎలిజబెత్ మిచెల్‌కే అన్యాయం జరిగింది. 2002లో స్కూలు మొత్తాన్ని కంటిచూపుతో నడిపిన ప్రిన్సిపాల్‌గా వచ్చిన నటికి, ఇక్కడ తండ్రీకొడుకుల మధ్య సర్దిచెప్పే పనే ఎక్కువ పెట్టారు.

సీజన్ విడుదల సమయంలో ఒక విచిత్రం జరిగింది. హాలీవుడ్ నటీనటులు 2023 జులై 14 నుంచి సమ్మెలో ఉన్నారు. సమ్మె సాగినంతకాలం తమ సినిమాల గురించీ, సీరియళ్ళ గురించీ నోరు విప్పి ప్రచారం చేయకూడదు. నవంబరు 8న ఇది మొదలైంది. ఆ అర్ధరాత్రి దాటగానే, అంటే నవంబరు 9న, సమ్మె ముగిసింది! తమ సీరియల్ మొదటిరోజున తాతగారికి కూడా మౌనవ్రతమే.

చూడాలనుకునే కుర్రకారుకి ఒక చిన్న సలహా. నేరుగా రెండో సీజన్‌లోకి దూకకండి. ముందు 1994 సినిమా చూడండి, ఒక రాత్రి పని. 2002 నాటిది ఓపికుంటే చూడండి. 2006 నాటిది కాల్ పుట్టుక కోసం తప్ప అవసరం లేదు. మొదటి సీజన్ కాల్ పెన్ కోసం చూడచ్చు. ఆ తర్వాత రెండో సీజన్ పెట్టుకుంటే కాల్ తడబాటు, క్రిస్ ఆరాటం, మాగ్నస్ ఉక్రోషం మూడూ మనసుకి ఎక్కుతాయి. ఇంతకీ ఎర్రకోటు ఎవరి ఒంటి మీదకి చేరిందంటారా? పాత రోజుల్లో హాలు బయట అమ్మే పాటల పుస్తకాల్లో కథంతా చెప్పి, చివర్లో మిగిలింది వెండితెర మీద చూడమనేవాళ్ళు. ఇది వెండితెర కాదు, బుల్లితెర. అయినా మాట అదే!